గన్నవరం సీతమ్మగారి వంటిల్లు

(కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండిపెట్టే మహిళలకు జరిగిన సన్మాన సభలో, రిటైరైన తెలుగు టీచరుగారు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారమండి. ఆ మైకు కాస్త కిందికి దించు బాబూ, నేను పొట్టిదాన్ని. ఆఁ, చాలు.

హెడ్ మాస్టారు నాకు ఫోన్ చేసి, "మేడమ్, డొక్కా సీతమ్మగారి గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. తీరా వచ్చి చూస్తే ముందు పిల్లలు, పక్కన కుర్చీల్లో టీచర్లు, ఆ గోడకి ఆనుకుని నిలబడి వీళ్ళూ. సన్మానం ఎవరికండీ? వీళ్ళకేగా? మరి నిలబడ్డారేం? (నవ్వులు) రండమ్మా, ముందుకి రండి. పొయ్యి మీద ఏముంది? పప్పు దించేశారా? దించేస్తే ఇంకేం, కూర్చోండి. ఒరేయ్ అబ్బాయిలూ, లేచి కుర్చీలు వెయ్యండి. ఇవాళ నేను మాట్లాడేది అసలు వీళ్ళతో. మీరు పక్కనుంచి వినండి.

దారిన వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టిన సీతమ్మగారి పేరెత్తగానే ఎవరైనా మొదలెట్టే మాట "అపర అన్నపూర్ణ" అని. నాకు ఆ మాటతో చిన్న పేచీ ఉంది. అన్నపూర్ణమ్మవారి పాత్రలో అన్నం తరగదు. ఆవిడ కట్టెలు తడవవు, బియ్యంలో రాళ్ళు రావు, గంజి వారుస్తుంటే చెయ్యి కాలదు. గన్నవరంలో ఉన్న సీతమ్మగారికి ఇవన్నీ ఉన్నాయి. మనిషిని దేవతని చేసేశామనుకోండి, మన పని సులువైపోతుంది. ఆవిడ దేవత కనక పెట్టింది, మనం మనుషులం కనక తలుపేసుకున్నాం అని సరిపెట్టేసుకోవచ్చు. దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ కొబ్బరి చిప్ప కూడా ఎవరికీ పెట్టకుండా ఇంటికి పట్టుకుపోవచ్చు. (నవ్వులు) అందుకని ఇవాళ మిమ్మల్ని గుడికి కాదు, ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్తాను.

పుట్టడం 1841లో, మండపేటలో. తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. ఆ తండ్రిని ఊళ్ళో "బువ్వన్న" అనేవారట. ఎవరొచ్చినా బువ్వ పెట్టేవాడు కాబట్టి బువ్వన్న. చూడండి, బిరుదంటే అలా ఉండాలి. శాలువా అక్కర్లేదు, ఫ్లెక్సీ అక్కర్లేదు. తిన్నవాడి నోట్లోంచి వచ్చిన పేరది. తల్లి తొందరగా పోవడంతో ఇంటి బాధ్యత ఆ పిల్ల నెత్తిన పడింది. తరవాత లంకల గన్నవరం డొక్కా జోగన్న పంతులుగారితో పెళ్ళయి ఇటొచ్చింది. జోగన్నగారు పొలం పుట్రా ఉన్న మనిషి. ఇంతే జీవితచరిత్ర. 1909లో పోయేదాకా మిగతాదంతా వంటే.

ఇక్కడ జోగన్నగారి గురించి ఒక్క మాట. ఆ రోజుల్లో ఇంట్లో గాదె తాళం ఆడదాని చేతిలో ఉండదు. "పెట్టుకో" అని ఆయన అనకపోతే ఈ కథే లేదు. అన్నాడు. పొలాలు తరిగిపోతున్నా అన్నాడు. మనం ఆయన్ని మరిచిపోతాం. అలాగే ఆ ఇంట్లో వడ్లు దంచిన ఆడవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, ఎంగిలాకులు ఎత్తినవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాళ్ళు లేకుండా అన్ని విస్తళ్ళు లేవవండీ.

ఇంటిపేరు చూడండి, డొక్కా. తెలుగు టీచర్ని కదా, మాట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. (నవ్వులు) డొక్క అంటే పొట్ట పక్క. ఆకలైతే లోపలికి పోయేది. కరువులకి మనవాళ్ళు పెట్టిన పేర్లలో "డొక్కల కరువు" అని ఒకటుంది, డొక్కలు ఎండిపోయిన కరువని. చదువుకున్నవాణ్ణి "డొక్కశుద్ధి ఉన్నవాడు" అంటాం. ఇక మన కోనసీమలో డొక్క అంటే? చెప్పండర్రా. ఆఁ, కొబ్బరి డొక్క! పొయ్యిలో పెట్టేది. ఆకలీ డొక్కే, చదువూ డొక్కే, పొయ్యిలో మండేదీ డొక్కే. ఆ ఇంటిపేరున్న ఇంట్లో అన్నీ ఒకచోటికే చేరాయి.

సరే, గన్నవరం. పిల్లలూ, మీలో చాలామంది రోజూ ఆ అక్విడక్టు, అదే ఏటి మీద కాలవ పారే వంతెన, దాని మీంచే వస్తారు. ఆ ఊరు ఎక్కడుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ దాపునే గోదారి పాయ వశిష్ఠలోంచి ఇంకో పాయ, వైనతేయ, చీలుతుంది. వశిష్ఠ అంతర్వేదికి పోతుంది, వైనతేయ ఓడలరేవు వైపు పోతుంది. ఈ రెండిటి మధ్యా నగరం లంక. ఇప్పుడైతే బస్సెక్కి అంతర్వేది వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం. ఆవిడ కాలంలో నడక, ఎడ్లబండి, కలిగినవాళ్ళకి మేనా, లేదంటే కాలవ పడవ. లాకుల దగ్గర పడవ ఆగితే ఆగిందే. వానొస్తే ఆగిందే. చీకటి పడితే గట్టున కూలబడాల్సిందే. పట్నాల్లో పూటకూళ్ళమ్మ ఉండేది, అదీ చేతిలో డబ్బుంటే. ఈ లంకల్లో ఏముంది? చంటిపిల్లతో గట్టున కూర్చున్న తల్లికి ఏది దిక్కు? "గన్నవరం పోతే సీతమ్మగారు పెడతారు." ఆ మాటొక్కటే దిక్కు.

ఇంకో సంగతి. ఈ అన్నం ఎక్కడిది? ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి అయింది. దాదాపు అదే రోజుల్లో గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టారు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కింద పనిచేసిన హేగ్ అనే కుర్ర ఇంజనీరు కట్టించాడు. 49 కమానులు. ఏటి మీంచి కాలవని నడిపించి నగరం లంకకి నీళ్ళిచ్చాడు. అప్పటికి మన సీతమ్మగారు పది పదకొండేళ్ళ పిల్ల. 1876లో ధాత కరువొచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ అంతా శవాల దిబ్బైపోయినప్పుడు, మన డెల్టాలో కాలవలు పారబట్టి పంట నిలబడింది. కాబట్టి సీతమ్మగారి గాదెలో వడ్ల వెనక ఆ ఆనకట్ట ఉంది. ఇది చెప్పకపోతే నేను చరిత్రకి అన్యాయం చేసినట్టే.

అయితే ఒకటి. కాలవ నీళ్ళు ఆవిడ ఒక్క చేనికే రాలేదు. అందరి చేలకీ వచ్చాయి. అందరి గాదెలూ నిండాయి. పండినవాళ్ళందరూ పెట్టారా? పుట్లకి పుట్లు పండించి, పడవలకెత్తించి అమ్ముకున్న ఆసాములు ఎంతమంది లేరు? తప్పేం కాదు, అమ్ముకుంటారు. కానీ ఆ పండిన ఊళ్ళన్నిట్లో బాటసారి నోట వినిపించింది ఒక్క ఇంటి పేరే.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. మాటవరసకి వందమంది అనుకోండి. రోజూ అంతమందే అని కాదు, లెక్క కోసం. దూరం నడిచొచ్చిన మనిషి పూటకి సోలెడు బియ్యం అన్నం తింటాడు. ఏమ్మా, తింటాడా? (ఒకామె: "ఇంకా పైనే తింటారండీ." నవ్వులు) సరే, సోలే అనుకుందాం. పిల్లలూ, మీకు కిలోలే తెలుసు కనక చెప్తున్నా. నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంటే కుంచానికి పదహారుమంది. వందమందికి? ఆరు కుంచాల మానికెడు బియ్యం. ఆవిడ రోజుల్లో మిల్లు లేదు. బియ్యం కొట్లో దొరకవు. వడ్లు దంచాలి. బియ్యం ఆరు కుంచాలు కావాలంటే వడ్లు దానికి రెండింతలు పొయ్యాలి. పన్నెండు కుంచాల వడ్లు! రోలు చుట్టూ ఇద్దరు నిలబడి రోకలి మార్చి రోకలి వేస్తూ దంచాలి, చెరగాలి, ఊక ఒక పక్కకి, తవుడు ఒక పక్కకి, నూకలు ఒక పక్కకి. మళ్ళీ రెండో పోటు. చేతులు బొబ్బలెక్కి, ఆ బొబ్బలు చితికి, కాయలు కాసేదాకా. ఇంకా పొయ్యి వెలిగించనే లేదు.

ఇక నీళ్ళు. ఏటి నీళ్ళు బిందెలతో మొయ్యాలి. ఆషాఢం దాటితే గోదారి ఎర్రబడుతుంది. ఆ మట్టినీళ్ళని చిల్లగింజ అరగదీసి తేర్చాలి. కాగులో పోసి, గింజ అరగదీసిన గంధం కలిపి వదిలేస్తే తెల్లారేసరికి మట్టి కిందికి దిగి పైన తేట నిలుస్తుంది. అంటే రేపొచ్చేవాడి దాహం సంగతి ఇవాళ రాత్రే చూసుకోవాలన్నమాట.

ఆపైన కట్టెలు. గుండిగ దింపడానికి ఇద్దరు. గంజి వార్చేటప్పుడు చిబ్బి అడ్డం పెట్టి గుండిగ వంచితే ఆవిరి మొహానికి కొడుతుంది. ఇది మీకు నేను చెప్పాలా? నీ చెయ్యేదీ, ఒకసారి చూపించమ్మా... చూశారా పిల్లలూ, మోచేతి దాకా ఆ మచ్చలు? మీ పప్పులో ఉప్పు తక్కువైందని గోల పెడతారే, ఈ మచ్చలు చూసి పెట్టండి గోల.

ఇంకా అరటాకులు కొయ్యాలి, తుడవాలి. పప్పు, పులుసు, ఏదో ఒక కూర, కందో బచ్చలో. ఊరగాయ. మజ్జిగ. తిన్నాక ఆకులెత్తాలి, పేడనీళ్ళతో అలకాలి, మళ్ళీ రెండో బంతికి ఆకులు వెయ్యాలి. వండటం గొప్పగా చెప్తాం గానీ, నన్నడిగితే అసలు పని ఎంగిలాకుల దగ్గరుంది. పెట్టేటప్పుడు నలుగురు చూస్తారు. ఎత్తేటప్పుడు ఎవరూ చూడరు.

ఇదంతా కూడా ఒక ఎత్తు. వందమంది వస్తారని తెలిస్తే ఎలాగోలా వండొచ్చు. పెళ్ళిళ్ళకి వండటంలా? కష్టం ఎక్కడో తెలుసా? అంతా అయిపోయి, గిన్నెలు తోమేసి, నడుం వాల్చాక, అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఒక్కడే. తడిసి ముద్దై నిలబడ్డాడు. వందమందిని భరించొచ్చండీ, ఆ ఒక్కణ్ణి భరించడం కష్టం. అగ్గిపెట్టెలు ఇంటింటా ఉన్న కాలం కాదది. నిప్పు కావాలంటే కుంపట్లో పిడక మీద నివురు కప్పి దాచుకోవాలి. అంటే పడుకునేముందే, ఎవడో ఒకడు వస్తాడని అనుకుని పడుకోవాలి. ఆ ఇంటికి వేళ లేదన్నారు అందరూ. వేళ లేకపోవడమంటే ఇదీ. నివురు కింద నిప్పు ఆరనివ్వకపోవడం.

వరద రోజుల్లో ఒక రాత్రి అవతలి లంకలోంచి "సీతమ్మ తల్లీ, ఆకలీ" అని కేక వినిపిస్తే, జోగన్నగారిని లేపి, పడవ కట్టించి, అన్నం మూట పట్టుకుని ఆ హోరులో వెళ్ళిందని మా ఊళ్ళల్లో చెప్పుకుంటారు. నిజమేనా అని ఈ మధ్య ఒక కుర్రాడు నన్నడిగాడు. నేనన్నాను, నాయనా, ఆ కథలో నాకు కావలసింది పడవ కాదు. అంత రాత్రి ఆకలితో ఉన్నవాడికి దేవుడి పేరు కాకుండా ఈవిడ పేరు నోటికొచ్చింది చూడు, అదీ నాకు కావలసింది.

అంతర్వేది సంగతి మీకందరికీ తెలిసిందే, అయినా చెప్తా. ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గరే ఉన్న మనిషి, జన్మకోసారి నరసింహస్వామిని చూద్దామని మేనాలో బయల్దేరింది. దారిలో బోయీలు అలుపు తీర్చుకోడానికి మేనా దించారు. అక్కడే ఇంకో కుటుంబం ఆగి ఉంది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. వాళ్ళమ్మ సముదాయిస్తోంది, "ఏడవకండర్రా, ఇంకాసేపట్లో గన్నవరం చేరిపోతాం, సీతమ్మగారు అన్నం పెడతారు" అని. మేనాలో ఉన్నది ఆవిడేనని వాళ్ళకి తెలీదు. ఈవిడ విన్నది. బోయీల్ని పిలిచి మేనా వెనక్కి తిప్పమంది. వాళ్ళకన్నా ముందు ఇంటికి చేరి, వాళ్ళొచ్చేసరికి వండి పెట్టింది.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ "దేవుణ్ణి పేదవాడిలో చూసింది" అని ముగిస్తారు. బావుంది. నాకు మాత్రం ఆవిడ మీద జాలేస్తుంది. ఒక్కసారి. ఒక్కసారి బయటికెళ్దామనుకుంది. చీర మార్చుకుని, మేనా ఎక్కి, గాలికి కూర్చుంది. నేనే ఆ మేనాలో ఉంటే ఏం చేసేదాన్నో చెప్పమంటారా? తెర లాగేసుకునేదాన్ని. "ఇంట్లో వాళ్ళున్నారు, వాళ్ళు పెడతార్లే" అనుకునేదాన్ని. ఆవిడకి ఆ మాట తట్టక కాదు. తట్టే ఉంటుంది. మేనా తిప్పమనడానికి ముందు ఆవిడ ఎంతసేపు ఊరుకుందో, ఆ కాస్సేపే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టం.

ఢిల్లీ కబురు కూడా చెప్పేస్తాను, లేకపోతే మీరు ఊరుకోరు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ సందర్భంలోనే సీతమ్మగారిని గౌరవించాలనుకున్నారు. ఆవిడ రానంది. ఫొటో అయినా ఇమ్మన్నారు. అదీ ఇవ్వనంది. "ఫొటో తీసుకెళ్ళకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా" అని అధికారి బతిమాలుకుంటే అప్పుడొప్పుకుందట. ఎదుటివాడి పొట్టకూటి సంగతి వచ్చేసరికి మెత్తబడిపోయింది చూడండి. ఆ ఫొటోని సోఫాలో పెట్టి చక్రవర్తిగారు నమస్కారం పెట్టారని మనవాళ్ళు చెప్తారు. ఢిల్లీ దర్బారుకి రాజుగారు రానేలేదండీ, కర్జన్ ప్రభువే అంతా నడిపించాడు, రాజుగారి తరఫున తమ్ముడొచ్చాడు. (నవ్వులు) పోనీ లండన్లో పెట్టాడనుకుందాం. పెట్టినా పెట్టకపోయినా ఆ రోజు గన్నవరంలో ఎన్ని విస్తళ్ళు లేచాయో అన్నే లేస్తాయి. నాకు నచ్చేది రానన్న మాట. నేనెళ్తే ఇక్కడ పెట్టేదెవరు అని.

ఇప్పుడు కొంచెం సొంత గొడవ. ఓపిక పట్టండి.

మా అత్తగారు సీతమ్మగారంతటి మనిషేం కాదు. చెయ్యి బిగువే. మా పిల్లలు స్నేహితుల్ని వెంటేసుకొస్తే, "ఇదేవన్నా గన్నవరం సీతమ్మగారి ఇల్లా?" అని సణిగేది. సీతమ్మగారి పేరు మా ఇంట్లో ఎక్కువగా వినిపించింది తిట్టులోనే. (నవ్వులు)

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో పెద్దవాళ్ళు మరిచిపోయి ఉండరు. తెల్లారి తలుపు తీస్తే ఊరు లేదు, ఆకాశం ఉంది. చెట్లన్నీ పడిపోతే ఆకాశం అంత పెద్దగా కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. మాది డాబా కనక జనం మా అరుగుల మీదికి, సావిట్లోకి చేరారు. మా అత్తగారికి అప్పటికి డెబ్భై దాటాయి. కాసేపు అందర్నీ చూస్తూ కూర్చుంది. తరవాత లేచి కొంగు దోపింది. పశువుల సావిట్లో గునపంతో గాడిపొయ్యి తవ్వించింది. కట్టెలన్నీ తడిసిపోయాయి. "అటక మీద డొక్కలున్నాయి, దించండి" అంది. ఎన్నాళ్ళ నుంచి దాచిందో, నేనెన్నిసార్లు పారేద్దామన్నానో! ఆ కొబ్బరి డొక్కలే మమ్మల్ని నాలుగు రోజులు గట్టెక్కించాయి. బియ్యం బస్తాలు మూడు తడిశాయి, రెండు పొడిగా ఉన్నాయి. నేను పొడి బస్తా విప్పబోతుంటే చెయ్యి పట్టుకుంది. "తడిసినవి ముందు వండు. అవి రేపటికుండవు. పొడివి రేపటికి." మంచినీళ్ళు లేవు. పడిపోయిన చెట్ల బొండాలు కొట్టించి తాగించింది.

మొదటి రోజు వడ్డిస్తూ నేనొక తప్పు చేశాను. ఎప్పుడూ చూడని మనిషి ఆకు ముందు కూర్చుంటే, "మీది ఏ పేట?" అన్నాను. ఊరికే అడిగాననే అనుకున్నాను. ఊరికే కాదని నాకూ తెలుసు. మా అత్తగారు అక్కడేం అనలేదు. లోపలికొచ్చాక అంది: "ఆకు ముందు కూర్చున్నవాణ్ణి అడిగేది ఒకటే మాట. ఇంకాస్త వెయ్యనా అని." అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రెండో తప్పు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మాగాయ జాడీ ఒకటి మంచం కింద దాచాను. మా పిల్లల కోసం. నాలుగో రోజు ఉత్త అన్నం, చారునీళ్ళే మిగిలాయి. మా అత్తగారు వచ్చి మంచం కిందికి వంగి జాడీ తీసింది. ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసు! నా వంక చూడను కూడా లేదు. తీసుకెళ్ళి, మూతతీసి, తలా ఒక టెంక వేసింది. మా పిల్లల ఆకుల్లో కూడా, బంతిలో వాళ్ళ వంతు వచ్చినప్పుడు. జాడీ కడిగి ఎండలో బోర్లించింది. ఆ బోర్లించిన జాడీ ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

అంచేత సీతమ్మగారి గురించి చదివినప్పుడల్లా నాకు కనిపించేది మా అత్తగారి వీపు. పొయ్యి వైపు తిరిగి ఉన్న వీపు. సణుక్కుంటూనే పెట్టింది. సీతమ్మగారు సణుక్కున్నారో లేదో, సణుక్కుని ఉంటే మాత్రం నాకింకా ఇష్టం.

సరే, మన బడికొద్దాం. బళ్ళల్లో వండిన అన్నం పెట్టమని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలెట్టారు. చూశారా, ఢిల్లీ దర్బారు 1903 జనవరి, బడిలో అన్నం 2003 జనవరి. సరిగ్గా వందేళ్ళు. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అంతకుముందు పిల్లలకి నెలకింతని బియ్యం ఇచ్చి ఇంటికి పంపేవాళ్ళం. నేను సంచులు పట్టుకున్న పిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్ని. బియ్యం ఇవ్వడం వేరు, అన్నం పెట్టడం వేరు. మూడో పీరియడ్లో తల వాల్చేసే పిల్లలు మొదటి నెలలోనే తగ్గారు. నా తరగతిలో నేను కళ్ళారా చూశాను. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మంచిదే. పేరు ఆవిడది, చేతులు వీళ్ళవి. 2019లో వీళ్ళ గౌరవవేతనం నెలకి వెయ్యి నుంచి మూడు వేలు చేశారు. మూడు వేలు! "గౌరవ" అన్న మాట అందులో ఎందుకుందో తెలుగు టీచరుగా నాకు ఇప్పటికీ అర్థం కాదు. (చప్పట్లు) చప్పట్లు నాకెందుకు, ఈ మాట మీ మీటింగుల్లో అనండి.

అక్విడక్టుకి కూడా ఆవిడ పేరే. 2000లో కొత్తది కట్టి పెట్టారు. కాటన్ కాలం నాటి పాత కమానులు పక్కనే ఉన్నాయి. విగ్రహాలు చాలా చూశాను గానీ, నాకు ఆ వంతెనకి పేరు పెట్టడమే నచ్చింది. విగ్రహం పని చెయ్యదు. అది రోజూ ఇవతలి నీళ్ళు అవతలి లంకకి మోస్తుంది.

ఏంటమ్మా, గంటవుతోందా? గడియారం చూస్తున్నావ్. చూడాల్సిందే, పప్పు చల్లారిపోతుంది. ఒక్కటి అడిగి వదిలేస్తా. మీరు రోజూ ఎప్పుడు తింటారు? (ఒకామె: "పిల్లలు తిన్నాకండీ. మిగిల్తే.") మిగలకపోతే? (సమాధానం వినిపించలేదు)

హెడ్ మాస్టారూ, శాలువాలు తరవాత కప్పుదాం. ముందు ఆ వరండాలో ఆకులు వేయించండి. వీళ్ళు కూర్చుంటారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నీళ్ళు పోస్తారు, మగపిల్లలు ఆకులెత్తుతారు. లేదు లేదు, మీరు లేవకండమ్మా, కూర్చోండి. ఏరా, ఆ పప్పు గరిటె ఇటివ్వు. అన్నం నువ్వు పట్టుకో. ఆ చివర నుంచి మొదలెడదాం.